బంచరాయి మీద గాలి పైసలు



ప్రతి ఏడాది ఈ పుస్తకంలో పొదుపు లెక్కలు, అప్పుల రికవరీ, బ్యాంకు లింకేజీ రాసుకుంటాం. ఈసారి నన్ను చరిత్ర రాయమన్నారు. నేను చదివింది పదో తరగతి. చరిత్ర అంటే నాకు కాకతీయులు, కుతుబ్‌షాహీలు, పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. అయినా ఎందుకు ఒప్పుకున్నానంటే, పోయిన ఏడాది మా ఊళ్లో ఒక తప్పు జరగబోయి ఆగింది. ఆ తప్పు చేయబోయింది నేనే.

మా ఊరికి అరవై ఎకరాల బంచరాయి ఉంది. ఒక కంపెనీ పేరు చెప్పుకుని ఒకాయన వచ్చాడు. ఆ భూమిలో చెట్లు నాటుతాం, చెట్లు గాలిని బాగుచేస్తాయి, ఆ బాగుచేసిన గాలికి విదేశాలవాళ్లు పైసలిస్తారు, దాన్ని కార్బన్ క్రెడిట్ అంటారు అన్నాడు. కాగితం నలభై ఏళ్లకు. మొదటి ఐదేళ్లు పశువు అడుగు పెట్టొద్దు. క్రెడిట్ల హక్కు కంపెనీది. అమ్మగా వచ్చినదాంట్లో "ఖర్చులు పోను" ఊరికి వాటా. మొక్క నాటే కూలి మాత్రం మనకే అన్నాడు. నాకు ఆ కూలి మాట బాగా నచ్చింది. గ్రామ సంఘం తీర్మానం పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాను. సగం పేజీ అయింది. అప్పుడు వెనక కూర్చున్న మేకల పెద్దమ్మ అడిగింది: "రాసుడు రాస్తున్నవు గని, మేకలనడిగినవా బిడ్డా?"

అందరం నవ్వాం. నవ్వు అయిపోయాక ఎవరూ మాట్లాడలేదు. మా ఊళ్లో 26 ఇళ్లకు మేకలున్నాయి. వాటిలో సగం సంఘం అప్పుతోనో స్త్రీనిధి అప్పుతోనో కొన్నవి. అంటే ఆ మేకల మీద కిస్తీలు ఇంకా నడుస్తున్నాయి. నాకు మేకలు లేవు కాబట్టి నాకు గుర్తుకు రాలేదు, అంతే.

తీర్మానం అక్కడే ఆపాం. ఇలాంటివి ఎక్కడెక్కడ జరిగాయో, అక్కడివాళ్లకు ఏం మిగిలిందో తెలుసుకుని చెప్పమని నాకు అప్పగించారు. ట్రైనింగులకు పోయినప్పుడు సార్లను అడిగి, మా పాప ఫోనులో వెతికించి, నోటుబుక్కులో రాసుకుని మూడు నెలలు తిరిగాను. ఇది ఆ నోటుబుక్కు.

ముందు ఈ గాలి పైసలు ఎట్లా లెక్కకడతారో చెప్తాను. గాలి పైసలు అన్న పేరు కూడా ఆ పెద్దమ్మ పెట్టిందే. బొగ్గు, డీజిలు, పెట్రోలు కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పైకి పోతుంది. అది ఎక్కువై భూమి వేడెక్కుతోంది. చెట్టు పెరిగేటప్పుడు ఆ వాయువును పీల్చుకుని కట్టెగా మార్చుకుంటుంది. బాగా ఎండిన కట్టె ఒక టన్ను ఉందంటే అందులో దాదాపు అర టన్ను కర్బనం. ఆ అర టన్ను కర్బనం గాలిలో ఉన్నప్పుడు సుమారు 1.8 టన్నుల బొగ్గుపులుసు వాయువుగా ఉండేది. ఒక టన్ను వాయువుకు ఒక క్రెడిట్. ఎక్కడో పొగ వదిలే కంపెనీ ఆ క్రెడిట్ కొని, నా పొగకు ఫలానా ఊరి చెట్లతో చెల్లుబాటు చేశాను అని రాసుకుంటుంది. మనం ఒకరి అప్పును ఇంకొకరి పొదుపులోంచి సర్దుతామే, అట్లాంటిది. సర్దినప్పుడు ఎవరి పుస్తకంలో ఏం రాశారో చూసుకోకపోతే ఏమవుతుందో మనకు బాగా తెలుసు.

ఈ పద్ధతి మొదలైంది 1988లో, అమెరికాలో. ఏఈఎస్ అనే కరెంటు కంపెనీ కనెక్టికట్ రాష్ట్రంలో 183 మెగావాట్ల బొగ్గు కరెంటు ప్లాంటు కట్టుకుంటూ, దాని పొగకు బదులుగా గ్వాటెమాలా అనే చిన్న దేశంలో చెట్లు పెంచడానికి 20 లక్షల డాలర్లిచ్చింది. కేర్ అనే స్వచ్ఛంద సంస్థ ఆ పని చూసింది. 40 వేల మంది రైతులతో 5 కోట్ల 20 లక్షల చెట్లు నాటించాలని లెక్క. పదేళ్ల తర్వాత చూస్తే అనుకున్నంత కర్బనం చెట్లలో చేరలేదని తేలింది. ప్లాంటు పొగ మాత్రం ఏ రోజుది ఆ రోజు పోయింది.

అయితే మేత భూమిలో కంపెనీ చెట్లు అన్న సంగతి మనకు గ్వాటెమాలా నుంచి రాలేదు. క్రెడిట్ అన్న మాట పుట్టకముందే మన పక్క రాష్ట్రంలో జరిగింది. 1984లో కర్ణాటక ప్రభుత్వం, హరిహర్ పాలీఫైబర్స్ అనే మిల్లు కలిసి కర్ణాటక పల్ప్‌వుడ్ లిమిటెడ్ అని ఒక కంపెనీ పెట్టాయి. దారం తీసే గుజ్జుకు కట్టె కావాలి. అందుకు దాదాపు 30 వేల హెక్టార్ల భూమి, అంటే 75 వేల ఎకరాలు, జామాయిలు వేయడానికి ఇచ్చారు. రికార్డులో దాని పేరు సి, డి తరగతి భూమి. పనికిమాలింది, బీడు అని అర్థం. ఊళ్లో దాని పేరు పశువులు మేసే చోటు, కట్టెపుల్లలు ఏరుకునే చోటు.

అప్పటి ధార్వాడ జిల్లాలో కుసనూరు అనే ఊరు ఉంది. 1987 నవంబరు 14న ఆ ఊరివాళ్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చి కంపెనీ నాటిన జామాయిలు మొక్కలు ఒక వంద పీకి, వాటి చోట పండ్ల మొక్కలు, మేత మొక్కలు నాటారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'కిత్తికో-హచ్చికో', మన మాటలో పీకు-నాటు. సమాజ పరివర్తన సముదాయ అనే సంఘం వాళ్ల వెంట నిలిచింది. అంతకుముందే కన్నడ రచయిత శివరామ కారంత్ పేరు మీద సుప్రీంకోర్టులో కేసు వేశారు. 1991లో ఆ కంపెనీని ప్రభుత్వం మూసేసింది.

నాకు ఇందులో నచ్చింది పీకడం కాదు. వందే పీకారు చూడండి. 75 వేల ఎకరాల్లో వంద మొక్కలు ఏపాటి? కానీ పీకిన చోట నాటారు. ఈ భూమి బీడు కాదు, మాకు దీంతో పని ఉంది అని చేతలతో చూపించారు. మన రెవెన్యూ రికార్డులో బంచరాయి ఏ పేరుతో ఉందో మీలో ఎంతమంది చూశారు? నేను ఈ పని మీద పడ్డాకే మొదటిసారి పహాణీ చూశాను.

ఇక అసలు మలుపు 1997 డిసెంబరులో, జపాన్ దేశంలో క్యోటో అనే పట్నంలో. డబ్బున్న దేశాలు తమ పొగను 2008 నుంచి 2012 లోపల 1990 నాటి కంటే సగటున 5 శాతం తగ్గించుకోవాలని అక్కడ ఒప్పందం రాసుకున్నాయి. తమ ఇంట్లో తగ్గించడం కష్టమైతే పేద దేశాల్లో తగ్గించి ఆ లెక్క తెచ్చుకోవచ్చని ఒక దారి పెట్టారు. దాన్ని సీడీఎం అంటారు. ఒప్పందం అమలులోకి వచ్చింది 2005 ఫిబ్రవరి 16న.

చెట్ల సంగతి వచ్చేసరికి గొడవలయ్యాయి. ఉన్న అడవిని కాపాడినందుకు క్రెడిట్ ఇవ్వం, కొత్తగా నాటితేనే ఇస్తాం అన్నారు. నాటే చోటు 1989 డిసెంబరు 31 నాటికి అడవి అయి ఉండకూడదు అన్నారు. అడవి నరికి మళ్లీ నాటి పైసలడుగుతారేమో అని ఆ షరతు. మంచి షరతే. కానీ ఈ షరతు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అడవి కాకూడదు అంటే మిగిలింది ఏమిటి? పంట భూమికి పట్టాదారు ఉంటాడు, అడిగినంత ఇస్తేగాని ఇవ్వడు. ఇండ్ల జాగా కుదరదు. చెట్టు లేకుండా, పట్టా లేకుండా, పెద్ద చెక్కగా ఒక్కచోట ఉండేది మేత భూమి ఒక్కటే. మన దేశంలోనే కాదు, ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో కూడా ఈ కార్బన్ చెట్ల చూపు పశువులు తిరిగే నేల మీదనే పడటానికి నాకు కనబడిన కారణం ఇదే.

ఇంకో మాట విన్నాను, లీకేజి అని. చెట్లు నాటిన చోటునుంచి మేకల్ని వెళ్లగొడితే అవి పక్క అడవిలో పడి అక్కడి చెట్లు తింటాయి. అప్పుడు ఇక్కడ పీల్చిన వాయువులోంచి అక్కడ పోయినదాన్ని తీసేయాలి. దాన్నే లీకేజి అంటారు. అంటే మేక ఎటు పోయిందన్నది వాళ్ల లెక్కలో ఉంది. మేకను తోలుకుపోయిన మనిషి ఎంత దూరం నడిచింది, ఎన్ని మేకలు అమ్ముకుంది అన్నదానికి ఆ లెక్కలో గడి లేదు.

దక్షిణ అమెరికాలో ఎక్వడార్ దేశం కథ కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మా ఊరికి వచ్చిన కాగితం లాంటిదే అక్కడ ముప్పై ఏళ్ల కింద రాసుకున్నారు. నెదర్లాండ్స్ దేశపు కరెంటు కంపెనీలు 1990లో ఫేస్ ఫౌండేషన్ అని ఒకటి పెట్టాయి. 600 మెగావాట్ల బొగ్గు ప్లాంటు పొగకు సరిపడా ప్రపంచంలో లక్షా 50 వేల హెక్టార్లు నాటాలని దాని లెక్క. అందులో 75 వేల హెక్టార్లు ఎక్వడార్‌లో. 1993లో అక్కడ ప్రొఫాఫోర్ అనే కంపెనీ ఆ పని మొదలుపెట్టింది. ఆండీస్ కొండల మీద బాగా ఎత్తున గడ్డి మైదానాలు ఉంటాయి, పారామో అంటారు. అక్కడి ఆదివాసీ ఊళ్లకు అది ఉమ్మడి మేత భూమి. గొర్రెలు, ఆవులు మేస్తాయి. ఆ గడ్డిలో పైన్ చెట్లు వేశారు. ఆ చెట్టు ఆ దేశానిది కాదు. మొత్తం 20 వేల హెక్టార్లకు పైగా నాటారు.

2005లో ఆ దేశంలో పర్యావరణం మీద పనిచేసేవాళ్లు ఊళ్లు తిరిగి ఒక నివేదిక రాశారు. ఊళ్లకు ఇచ్చింది మొదటి కొన్నేళ్లలో ఇచ్చే పైసలు. అందులోంచే మొక్కల ఖరీదు, సాంకేతిక సలహా ఖరీదు కోసుకున్నారు. పైసలు అయిపోయాక కూడా కాపలా, కొమ్మలు కత్తిరించడం, నిప్పు పడకుండా చూడటం ఊరి మీదనే ఉంది. కాగితంలో రాసిన పని చేయకపోతే జరిమానా. కొన్ని ఊళ్లలో నిప్పు పడి తోట కాలిపోయింది, బాధ్యత ఊరిదే అయింది. కొన్ని ఊళ్లు లాభపడ్డాయని రాసినవాళ్లూ ఉన్నారు, అది కూడా చెప్పాలి. కానీ అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది వేరే. ఆ ఎత్తు గడ్డి నేలలో మట్టిలోనే కర్బనం బాగా ఉంటుందట. చల్లటి తడి నేల కాబట్టి ఆకు అలము కుళ్లిపోకుండా వందల ఏళ్లుగా నల్లమట్టిగా మారి ఉంది. పైన్ చెట్లు నీళ్లు తాగి ఆ నేలను ఎండబెడితే మట్టిలోని కర్బనం గాలికి పోతుంది. చెట్టులో పొదుపు చేస్తూ మట్టిలోంచి విత్‌డ్రా చేసినట్టు.

మా బంచరాయి అట్లాంటి నేల కాదు. ఎర్ర గరప నేల. ఆ సంగతి ఇక్కడ అన్వయించదు. కానీ "ఖర్చులు పోను" అన్న మాట అన్వయిస్తుంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. గాలి పైసలు తెలుగు నేల మీద మొదట అందుకున్నవాళ్లలో మనలాంటి సంఘం ఆడవాళ్లున్నారు. ఇది మీలో చాలామందికి తెలియదనుకుంటాను, నాకూ తెలియదు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలంలో పవర్‌గూడ అని గోండు గూడెం ఉంది. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. అక్కడి సంఘం ఆడవాళ్లు 2002లో 4,500 కానుగ మొక్కలు నాటారు. కానుగ గింజల నుంచి నూనె తీసే మిల్లు కూడా సంఘమే నడిపింది. కానుగ నూనెను డీజిలుకు బదులు వాడొచ్చు. పదేళ్లలో ఆ నూనె వాడినందువల్ల ఎంత డీజిలు పొగ తగ్గుతుందో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. 147 టన్నులు అని తేలింది. 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు వాషింగ్టన్‌లో ఒక సదస్సు పెట్టుకుంది. ఆ సదస్సుకు విమానాల్లో వచ్చినవాళ్ల పొగకు చెల్లుగా ఆ 147 టన్నులు కొని 645 డాలర్లు ఇచ్చింది. అప్పుడు డాలరు 45 రూపాయల దగ్గర ఉంది. అంటే 29 వేల చిల్లర.

29 వేలు పెద్ద మొత్తం కాదు. మన సంఘంలో ఒక్క సభ్యురాలికి ఇచ్చే అప్పు అంతకంటే ఎక్కువ ఉంటుంది. కానీ మూడు సంగతులు చూడండి. పైసలు సంఘం పేరు మీద వచ్చాయి, మధ్యలో కంపెనీ లేదు. గాలి పైసలు రాకపోయినా గింజ వాళ్లది, నూనె వాళ్లది, గానుగ పిండి వాళ్లది. ఇక ఆ లెక్క చెట్టు ఎంత లావైందన్నదాని మీద కట్టింది కాదు, నూనె మీద కట్టింది. కాబట్టి చెట్టు కొట్టకుండా నలభై ఏళ్లు కాపలా కాస్తామని ఎవరికీ రాసివ్వాల్సిన పని పడలేదు. కానుగ ఆకును మేకలు అంతగా ముట్టవు కూడా.

మా ఖమ్మం వైపు ఇంకో రకం జరిగింది. భద్రాచలం దగ్గర కాగితం మిల్లు ఉంది కదా, ఆ ఐటీసీ సామాజిక అడవుల పథకం కింద చిన్న రైతులు, గిరిజన రైతులు తమ సొంత చెలకల్లో జామాయిలు వేసుకున్నారు. ఆ తోటలు 2009లో సీడీఎం కింద నమోదయ్యాయి. సుమారు 3,070 హెక్టార్లు, ఏడాదికి 57,792 టన్నులు పీలుస్తాయని అంచనా. రైతు పట్టా భూమి, రైతు కట్టె, కట్టె అమ్ముకుంటే వచ్చే పైసలు రైతువి. కాబట్టి దీన్ని మా బంచరాయితో పోల్చకూడదు. కానీ ఆ అంకెతో నేనొక లెక్క వేశాను. మీరూ పెన్ను తీసుకోండి.

57,792ను 3,070తో భాగిస్తే హెక్టారుకు దాదాపు 19 టన్నులు. ఎకరానికి ఏడున్నర అనుకుందాం. పవర్‌గూడకు ఇచ్చిన రేటు టన్నుకు 200 రూపాయల దగ్గర. అంటే ఎకరానికి ఏడాదికి 1,500. అరవై ఎకరాలకు 90 వేలు. మా ఊళ్లో 210 గడపలు, గడపకు 430 రూపాయలు కూడా రావు. అదీ ఖర్చులు పోక ముందు. రేటు ఇప్పుడు అంతకు రెండింతలు ఉందనుకున్నా, మా గరప నేలలో చెట్టు ఆ తోటల్లాగా పెరగదు. ఇక మేకల వైపు చూడండి. 26 ఇళ్లు, ఇంటికి ఏడాదికి నాలుగు పోతులు అమ్ముతారు, ఒక్కోటి 7 వేలు. మొత్తం 7 లక్షల 28 వేలు. మేకలు కోతలయ్యాక చేలల్లో కూడా మేస్తాయి కదా, అందుకని బంచరాయి చలువ సగమే అనుకుందాం. అయినా 3 లక్షల 60 వేలు. ఈ లెక్క నేను తీర్మానం రాయక ముందు వేసి ఉండాల్సింది.

పైగా ఆ రేటు నిలకడగా లేదు. సీడీఎం క్రెడిట్ 2008లో 20 యూరోలు దాటింది. 2012 చివరికి ఒక యూరో కూడా పలకలేదు. మిర్చి రేటు పడిపోవడం చూశాం గానీ ఇంత పడటం నేను వినలేదు. చెట్ల క్రెడిట్‌కు ఇంకో చిక్కు. చెట్టు కాలిపోవచ్చు, కొట్టేయొచ్చు కాబట్టి దానికి ఇచ్చే క్రెడిట్ తాత్కాలికం, గడువు తీరాక మళ్లీ కొనుక్కోవాలి అని నియమం పెట్టారు. అన్నిటికంటే పెద్ద బజారు యూరప్‌ది. అక్కడ చెట్ల క్రెడిట్లు అసలు తీసుకోమన్నారు. అందుకే ప్రపంచమంతా కలిపి 7 వేలకు పైగా సీడీఎం ప్రాజెక్టులు నమోదైతే, వాటిలో చెట్లవి వందకు ఒకటి కూడా లేవు.

ఇంత చదివాక ఇక వద్దులే అని రాసేద్దామనుకున్నాను. అప్పుడు ఇథియోపియా కథ దొరికింది. ఆఫ్రికాలో కరువు దేశం అని మనం విన్నదే. ఆ దేశంలో హుంబో అనే చోట ఒక కొండ ఉంది. చెట్లు కొట్టి బొగ్గు కాల్చి, పశువుల్ని ఇష్టమొచ్చినట్టు మేపి కొండ బోడి అయింది. వానకు మట్టి కొట్టుకొచ్చి కింది ఊళ్ల చేలల్లో పడేది. వరల్డ్ విజన్ అనే సంస్థ, ప్రపంచ బ్యాంకు కలిసి అక్కడ 2,728 హెక్టార్లలో అడవి తెప్పించారు. 2009లో సీడీఎం కింద నమోదైంది. ఆఫ్రికాలో ఇంత పెద్ద అడవి ప్రాజెక్టు నమోదు కావడం అదే మొదలు.

అక్కడ చాలావరకు మొక్కలు నాటలేదు. కొట్టేసిన చెట్ల మోళ్లు నేలలో బతికే ఉన్నాయి. ఏటా పిలకలు వస్తాయి, ఏటా మేకలు కొరుకుతాయి, ఎవరో పుల్లలకు విరుచుకుపోతారు. అందుకని అవి పొదలుగానే ఉండిపోతాయి. వాళ్లు చేసింది ఏమిటంటే ఒక్కో మోడుకు మంచి పిలకలు కొన్ని ఉంచి మిగతావి కోసేశారు, కొన్నేళ్లు పశువుల్ని ఆపారు. వేరు పాతది కాబట్టి తొందరగా చెట్టయింది. పశువుల్ని ఆపారు గానీ గడ్డిని ఆపలేదు. లోపల పెరిగిన గడ్డి కోసి ఇంటికి మోసుకెళ్లి వేసుకున్నారు. ఏడు సహకార సంఘాలు పెట్టి, ఆ భూమి వాడుకునే హక్కు కాగితం ఆ సంఘాల పేరు మీదనే రాయించుకున్నారు. ప్రపంచ బ్యాంకు లక్షా 65 వేల టన్నులు కొంటానని ముందే ఒప్పందం రాసింది. 2012లో సుమారు 73 వేల క్రెడిట్లు వచ్చాయి. ఆ పైసలతో ధాన్యం గోదాములు కట్టుకున్నారు.

నేను ఈ సంగతి గ్రామ సంఘంలో చదివి వినిపిస్తే మేకల పెద్దమ్మ ఏమందో తెలుసా? "గడ్డి కోసి తలకెత్తుకునేది ఎవలు? ఆడిదే గద." నిజమే. మేకను తోలడం కంటే మోపు మోయడం కష్టం. హుంబోలో ఆ మోపు ఎవరు మోశారో నేను చదివినదాంట్లో సరిగ్గా రాయలేదు. మనం మాత్రం రాసుకోవాలి.

మా బంచరాయి బాగుందని నేను అబద్ధం చెప్పను. గడ్డి కార్తీకం దాకా ఉంటే గొప్ప. మిగతా కాలమంతా రేగు కంప, పరికి కంప, సర్కారు తుమ్మ. ఒకవైపు నాలుగెకరాలు ఎవరో దున్నేశారు. బతుకమ్మకు తంగేడు పూలు ఒకప్పుడు అక్కడే గంప నిండేవి, ఇప్పుడు పక్క ఊరి గట్లమీదికి పోతున్నాం. దాన్ని ఇట్లాగే వదిలేసి మేకలు, మేకలు అంటే ఇంకో పదేళ్లలో మేకలకూ ఏమీ ఉండదు.

ఇప్పుడు ఈ కాగితాలు పట్టుకుని మనుషులు మళ్లీ ఎందుకు తిరుగుతున్నారో కూడా తెలుసుకున్నాను. 2023 జూన్‌లో మన కేంద్ర ప్రభుత్వం దేశంలోనే కార్బన్ క్రెడిట్ల వ్యాపారానికి పథకం ప్రకటించింది. అది కాక విదేశాల్లో ఇష్టపూర్తిగా కొనే కంపెనీలు ఉన్నాయి. కాబట్టి మా ఊరికి వచ్చినాయన మీ ఊరికి కూడా వస్తాడు. వచ్చినప్పుడు రెండు సంగతులు తెలిసి ఉండాలి. ఊరి ఉమ్మడి భూములను ఆక్రమించినవాళ్లను తీసేసి గ్రామసభకు, పంచాయతీకి అప్పగించాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అడవి భూమిలో పశువులు మేపుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టంలో రాసే ఉంది. బంచరాయి మీద గ్రామ సంఘం తీర్మానం చాలదు, మనం సంతకం పెట్టేసినా అది ఊరి మాట కాదు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. పుస్తకం ముందు పెట్టి ఇక్కడ సంతకం అన్నప్పుడు ఎవరు చెప్తారు?

మేము ఆ కంపెనీ ఆయనకు ఉత్తరం రాశాం. ఖర్చులు పోను అంటే ఏ ఖర్చులు, వాటి లెక్క ప్రతి ఏడాది గ్రామసభలో చూపిస్తారా అని అడిగాం. రేటు పడిపోతే ఊరికి కనీసం ఇంత అని రాస్తారా, నిప్పు పడితే నష్టం ఎవరిది, మధ్యలో ఇంకో కంపెనీకి అమ్ముకుంటే మా కాగితం సంగతేమిటి అని అడిగాం. చివరగా, అరవై ఎకరాలు ఒక్కసారి మూయకుండా పదిహేను పదిహేను ఎకరాలు మూస్తే ఒప్పుకుంటారా, చెట్టు ఏదో మేం చెప్తే వేస్తారా అని పెట్టాం. జామాయిలు వద్దు, చండ్ర, నల్లతుమ్మ, కానుగ, మోదుగ కావాలని పేర్లు కూడా రాశాం. జవాబు రాలేదు. ఫోను చేస్తే, పై ఆఫీసులో మాట్లాడుతున్నాం అంటున్నాడు.

వానలు పడ్డాక మేకలున్న ఇళ్లవాళ్లే ముందుకొచ్చి దక్షిణం వైపు ఐదెకరాలకు కంప కొట్టారు. ఏ కంపెనీ లేదు, ఏ క్రెడిట్ లేదు. సర్పంచిని, కార్యదర్శిని పిలిచి చూపించాం. రోజుకు ఇద్దరు చొప్పున కాపలా, వంతులు నేనే రాస్తున్నాను. ఆ ఐదెకరాల్లో బతికున్న మోళ్లు లెక్కపెడితే 312 తేలాయి. నా లెక్కలో 290 వచ్చాయి, పెద్దమ్మ మళ్లీ తిరిగి మిగతావి చూపించింది. ఆకు చూడకుండా మోడు పట్టుకునే ఇది చండ్ర, ఇది సోమిడి అని చెప్తుంది. గడ్డి మోపు మొదటి కోతకు గొడవ అయింది, మేకలు లేనివాళ్లు కూడా బర్రెలకు కావాలన్నారు. చివరికి మేకల ఇళ్లకు రెండు మోపులు, మిగతావాళ్లకు ఒకటి అని తెగింది. ఆ మోపులు మగవాళ్లు మోయాలని కూడా తీర్మానం చేశాం. రెండు వారాలు మోశారు.

గ్రామసభ సంక్రాంతి తర్వాత పెడతామన్నారు. నేను సగం రాసి ఆపిన పేజీ పుస్తకంలో అట్లాగే ఉంది. కొట్టేయమని కొందరన్నారు, నేను కొట్టేయలేదు. కింద గీత గీసి, ఆ రోజు తేదీ వేసి, మేకల పెద్దమ్మ అడిగిన మాట ఆమె చెప్పినట్టే రాశాను. ఆమె వేలిముద్ర వేసింది.